పై అంతస్తులో ఎన్ని కేజీలు?

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో జనరేటర్ పక్కన మూడు ఎర్ర పంపులు వరసగా ఉంటాయి. ఒకటి కరెంటుది, ఒకటి డీజిలుది, మూడోది చిన్నది, దాన్ని జాకీ పంపు అంటారు. వాటినుంచి లేచిన లావు ఎర్రపైపు మెట్ల పక్కగా పదిహేను అంతస్తులూ ఎక్కుతుంది. పంపు ఆపరేటరు రోజూ పొద్దున్నే మీటరు చూసి పుస్తకంలో ఒక అంకె రాస్తాడు. పుస్తకం వెనక్కి తిరగేస్తే నెలల తరబడి అదే అంకె. ఏడు.

“ఏడు కేజీలు సార్. ఫుల్ ప్రెషర్.”

“పైన పదిహేనో ఫ్లోర్‌ల ఎంతుంటది అన్నా?”

“గంతే ఉంటది గదా సార్. ఒకటే పైపాయె.”

ఈ జవాబుకు నవ్వాల్సిన పని లేదు. దీనికి దగ్గరి పొరపాటే ఒకటి పంపులూ, పైపులూ, ఇంజనీర్లూ ఉన్న ఒక మహానగరంలో జరిగింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి, ఒక ఆకాశహర్మ్యం పనికిరాకుండా పోయింది.

1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సిటీ హాల్‌కు ఎదురుగా వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం. 22వ అంతస్తులో చెక్కపనికి మెరుగు పెట్టి, అవిసె నూనెతో తడిసిన గుడ్డల్ని అక్కడే వదిలేసి పనివాళ్లు వెళ్లిపోయారు. అవిసె నూనెకు ఒక గుణముంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కుప్పగా ఉంటే లోపలే పోగై, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకు కాస్త ముందు అలారం మోగింది.

కాసేపటికి కరెంటు పోయింది. అసలు లైనుకూ, ప్రత్యామ్నాయ లైనుకూ దారి ఒకే డక్టు కావడంతో మంట రెండింటినీ తినేసింది. అత్యవసర జనరేటరు పనిచేయలేదు. లిఫ్టులు లేవు. సిబ్బంది సామాను మోసుకుని ఇరవైకి పైగా అంతస్తులు మెట్లెక్కారు. మెట్ల దగ్గరి వాల్వుకు గొట్టం తగిలించి తిప్పారు. నీళ్లు వచ్చాయి. అయితే మంటదాకా పోలేదు. నాజిల్ ముందు కాస్త దూరంలోనే నీరసంగా వంగిపోయాయి.

ఎందుకో తెలియాలంటే మా ఆపరేటరు చెప్పిన కేజీల దగ్గరికే రావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు కేజీ అన్నప్పుడు, చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు అని అర్థం. పది మీటర్ల నిలువు నీటి స్తంభం తన అడుగున మోపే బరువు సరిగ్గా అంతే. అంటే నీళ్లు పది మీటర్లు పైకెక్కితే ఒక కేజీ ఖర్చయినట్టే. పైపు ఎంత లావుదైనా ఈ ఖర్చులో తేడా ఉండదు. మా సెల్లారునుంచి పదిహేనో అంతస్తు వాల్వు దాదాపు 45 మీటర్ల ఎత్తు. కింద ఏడు కేజీలుంటే, నాలుగున్నర పోగా పైన మిగిలేది రెండున్నర. అదీ నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు. హైడ్రెంట్లలో, అంటే ఇలా గొట్టం తగిలించే వాల్వుల్లో, అన్నిటికంటే పైనా, దూరంగానూ ఉన్నదాని దగ్గర కనీసం మూడున్నర ఉండాలని మన జాతీయ భవన నియమావళి అంటుంది.

150 మీటర్ల భవనంలో తిప్పలు రెండు వైపులా ఉంటాయి. పై అంతస్తులో ఏడు కేజీలు కావాలని ఒకే పంపుతో తోస్తే, అడుగున ఇరవై రెండు కేజీలుంటాయి. ఆ ఒత్తిడి మీద గొట్టం విప్పితే మనిషి పట్టుకోలేడు, గొట్టమే మనిషిని విసిరేస్తుంది. అందుకే ఎత్తైన భవనాల్లో పైపును పై జోన్, కింది జోన్ అని విడగొడతారు. ఒత్తిడి ఎక్కువైన అంతస్తుల్లో వాల్వు దగ్గరే దాన్ని తగ్గించే ఏర్పాటు పెడతారు. ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్ అంటే అదే. ఇది ప్రతి అంతస్తుకూ వేరువేరుగా లెక్కగట్టి బిగించాల్సిన వస్తువు. పదో అంతస్తుకు సరిపోయిన బిగింపు ఇరవయ్యో అంతస్తులో నీళ్ల గొంతు నులుముతుంది.

మెరిడియన్ ప్లాజాలో జరిగింది ఇదే. వాల్వుల బిగింపు మరీ తక్కువగా ఉంది. నీళ్లు నాలుగు కేజీల చిల్లరకు మించి రావడం లేదు. సిబ్బంది చేతిలో ఉన్నవేమో సన్న గొట్టాలు, తుంపర నాజిళ్లు. ఆ నాజిల్ మూతి దగ్గరే ఏడు కేజీలు కావాలి. కింద వీధిలోని ఫైరింజన్లు పైపులోకి ఎంత నీరు తోసినా లాభం లేకపోయింది, ఎందుకంటే మధ్యలో కూర్చున్న వాల్వు తన లెక్క ప్రకారమే వదులుతుంది. దాని బిగింపు మార్చాలంటే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, దాన్ని వాడడం తెలిసిన మనిషి కావాలి. అర్ధరాత్రి మంటల మధ్య ఆ రెండూ ఎక్కడ దొరుకుతాయి? ఐదంగుళాల గొట్టాన్ని మెట్లమీదుగా ఇరవై అంతస్తులు చేతులతో లాక్కెళ్లారు. చివరికి తెలిసిన మనిషి వచ్చి వాల్వులు సరిచేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. పైన పొగ బయటికి పోయే దారి చేయడానికి వెళ్లిన ముగ్గురు దారి తప్పి, సిలిండర్లలో గాలి అయిపోయి, 28వ అంతస్తులో చనిపోయారు. పదకొండు గంటలు పోరాడాక, భవనం కూలుతుందేమోనన్న భయంతో అందర్నీ కిందికి దింపేశారు. మంటను దాని మానాన వదిలేశారు.

ఆ నాలుగు కేజీలు ఎవరో ఒకరి నిర్లక్ష్యం అని తేల్చేస్తే సగం కథే చెప్పినట్టు. అప్పటి అమెరికా ప్రమాణం, అక్కడి అగ్నిరక్షణ సంఘం పుస్తకమైన ఎన్‌ఎఫ్‌పీఏ 14, పై వాల్వు దగ్గర 65 పీఎస్ఐ చాలనేది. అంటే నాలుగున్నర కేజీలు. ఆ అంకె రాసిన కాలంలో మంటలార్పేవాళ్లు వాడింది రెండున్నర అంగుళాల లావు గొట్టం, నున్నటి గొట్టపు మూతి. దానికి ఆ ఒత్తిడి సరిపోయేది. తర్వాత తక్కువమందితో మోయగలిగిన సన్న గొట్టాలూ, తుంపర నాజిళ్లూ వచ్చాయి. చేతిలో పనిముట్టు మారింది, పుస్తకంలో అంకె మారలేదు. పైపు బిగించేవాళ్ల లోకం వేరు, మంటార్పేవాళ్ల లోకం వేరు అయినప్పుడు ఇలాగే ఉంటుంది. 1993లో ప్రమాణాన్ని 100 పీఎస్ఐకి పెంచారు. అంటే ఏడు కేజీలు. మా సెల్లారు మీటరు చూపించే ఏడే, కాకపోతే అది పంపు దగ్గర కాదు, పై వాల్వు దగ్గర.

ఇంతకీ ఆ మంట ఎలా ఆగింది? 22 నుంచి 29 దాకా ఎనిమిది అంతస్తులు కాల్చుకుంటూ 30వ అంతస్తులో అడుగుపెట్టింది. ఆ భవనంలో చాలా అంతస్తులకు స్ప్రింక్లర్లు లేవు. 30వ దానికి ఉన్నాయి. అక్కడ పది స్ప్రింక్లర్ హెడ్లు తెరుచుకున్నాయి. వీధిలోని ఫైరింజన్లు వాటికి నీళ్లందించాయి. మూడు వందల మందికి పైగా మనుషులకు లొంగని మంట ఆ పదింటి దగ్గర నిలిచిపోయింది.

స్ప్రింక్లర్ గురించి సినిమాలు నేర్పిన అబద్ధం ఒకటుంది. హీరో లైటర్ వెలిగించి ఒక దానికింద పెడతాడు, భవనమంతా వాన కురుస్తుంది. మామూలు స్ప్రింక్లర్ అలా పనిచేయదు. ప్రతి హెడ్‌కీ మధ్యలో సాధారణంగా చిన్న గాజు బల్బు ఉంటుంది, అదే నీటిని ఆపి పట్టుకుంటుంది. బల్బులో ద్రవం, దాంట్లో ఒక చిన్న గాలిబుడగ. వేడెక్కితే ద్రవం వ్యాకోచించి బుడగను మింగేస్తుంది. ఇంకా వేడెక్కితే పోవడానికి చోటు లేక గాజును పగలగొడుతుంది. ఆ ఒక్క హెడ్డే తెరుచుకుంటుంది. పొగ దాన్ని తెరవలేదు, పక్కగది మంట కూడా తెరవలేదు. మంటలు అదుపులోకి వచ్చిన సందర్భాల్లో ఎక్కువసార్లు తెరుచుకునేవి ఒకటో రెండో. బల్బు సన్నగా ఉంటే త్వరగా వేడెక్కుతుంది. మూడు మిల్లీమీటర్ల బల్బు తొందరపాటుది, ఐదు మిల్లీమీటర్లది నిదానస్తురాలు.

మామూలు హెడ్ ఒక కేజీ ఒత్తిడికి నిమిషానికి 80 లీటర్ల దాకా నీళ్లు చల్లుతుంది. పదీ కలిపితే ఎనిమిది వందల లీటర్లు. అది దాదాపు ఒక్క పెద్ద గొట్టం పోసే నీళ్లు. కాకపోతే గొట్టం అరగంట తర్వాత వస్తుంది, దూరంనుంచి గురి చూడాలి. హెడ్డేమో మంట నెత్తిమీదే ఉంటుంది, గది ఇంకా గదిలా ఉండగానే తెరుచుకుంటుంది. పొగ కూడా అంతమేరకు తగ్గుతుంది. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురూ పొగకు ఊపిరాడకే పోయారు. మంట వాళ్లదాకా వచ్చి కాదు.

బల్బు రంగు అలంకారం కాదు. నారింజ 57 డిగ్రీలకు పగులుతుంది, ఎరుపు 68కి, పసుపు 79కి, ఆకుపచ్చ 93కి, నీలం 141కి. ఎక్కడ చూసినా కనిపించేది ఎరుపే. ఇక్కడ అమెరికా పుస్తకానికీ మన ఎండకూ పేచీ వస్తుంది. ఎర్ర బల్బు పెట్టే చోట పైకప్పు దగ్గర వేడి 38 డిగ్రీలు దాటకూడదని ఎన్‌ఎఫ్‌పీఏ 13 అంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో చెట్టునీడలోనే అంతకంటే ఎక్కువుంటుంది. ఏసీ ఆఫీసులో ఎరుపు సరే. రేకుల కప్పు కింద పత్తి గోడౌన్‌లో మిట్టమధ్యాహ్నం కప్పు దగ్గర ఎంతుంటుందో చూడకుండా ఎర్ర బల్బు బిగిస్తే, మంట లేకుండానే ఒకరోజు సరుకు తడుస్తుంది. ఆ తర్వాత యజమాని చేసే మొదటి పని లైను వాల్వు మూసేయడం. ఆకుపచ్చ బల్బు 66 డిగ్రీల వరకు తట్టుకుని కూర్చుంటుంది. అక్కడ ఉండాల్సింది అది.

హెడ్లను దూరదూరంగా పెడితే మధ్యలో తడవని చోటు మిగులుతుంది, ఇది ఎవరికైనా తోస్తుంది. మరీ దగ్గరగానూ పెట్టకూడదు. రెండింటి మధ్య కనీసం 1.8 మీటర్లు ఉండాలి. లేదంటే మొదట తెరుచుకున్నది పక్కదాన్ని తడిపి చల్లబరుస్తుంది, అది ఎప్పటికీ పగలదు, మంట దాని కిందుగా పాక్కుంటూ పోతుంది. దీన్ని కోల్డ్ సోల్డరింగ్ అంటారు. గాజు బల్బులకు ముందు, టంకం కరిగి తెరుచుకునే హెడ్లు ఉన్న రోజులనాటి పేరది. గాజు బల్బులు వచ్చినా పేరు పోలేదు.

వేడిగాలి పైకి లేచి కప్పు కింద పలచటి పొరలా పరుచుకుంటుంది. హెడ్ ఆ పొరలోనే ఉండాలి, అంటే కప్పుకు ఒక అడుగులోపు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఫ్లాట్లలో జరిగే ఘోరం అర్థమవుతుంది. తాళాలు చేతికి రాగానే ఇంటీరియర్ వాళ్లు వచ్చి పీవోపీ ఫాల్స్ సీలింగ్ వేస్తారు. స్ప్రింక్లర్ ‘చూడ్డానికి బాగాలేదని’ దాన్ని సీలింగ్ పైన వదిలేస్తారు. పాత కప్పుకు దగ్గరగా, భద్రంగా, చీకట్లో ఉంటుంది పాపం. కింద సోఫా కాలితే వేడి దాన్ని చేరేది సీలింగ్ కూలాకే. సరైన పని ఏమిటంటే, పైపును కిందికి పొడిగించి కొత్త సీలింగ్ దగ్గరికి హెడ్‌ను దించడం. అప్పుడు లైనులో నీళ్లు తీసి, పనయ్యాక మళ్లీ నింపి, లీకులు చూడాలి. ఒక పూట పని. దానికి బద్ధకం. ఇంకొందరు పెయింటర్లు గోడలతోపాటు హెడ్లకూ ఒక కోటింగ్ వేస్తారు. రంగు పడ్డ హెడ్‌ను తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే. రంగుపొర వేడిని ఆపుతుంది, టిన్నర్ పెట్టి తుడిస్తే ఇంకేం పాడవుతుందో చెప్పలేం.

హెడ్‌కు నీళ్లందించే లెక్క మాత్రం కొంచెం ఓపికగా చూడాలి. హెడ్‌నుంచి వచ్చే నీళ్లు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటాయి. రెట్టింపు నీళ్లు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. ఆఫీసు లాంటి తక్కువ ప్రమాదపు చోట, అమెరికా లెక్క ప్రకారం, చదరపు మీటరుకు నిమిషానికి 4.1 లీటర్ల నీళ్లు కావాలి. ఒక హెడ్ కింద 20 చదరపు మీటర్లుంటే 82 లీటర్లు, ఒక కేజీ చిల్లర సరిపోతుంది. మంట పాకే చోటును 139 చదరపు మీటర్లుగా లెక్కిస్తారు, అంటే ఏడు హెడ్లు. అవి ఏ ఏడు? పంపుకు దగ్గరివి కావు. అన్నిటికంటే దూరంగా, లెక్కలో అన్నిటికంటే కష్టమైనవి. అక్కడ గెలిస్తే మిగతాచోట్లా గెలిచినట్టే.

ఇప్పుడు ఆఫీసు ఖాళీచేసి వెళ్లారనుకుందాం. అదే అంతస్తును సరుకు నిల్వ చేసుకునే దుకాణానికి అద్దెకిచ్చారు. నీళ్లు రెట్టింపు కావాలి. పైపులు అవే, హెడ్లు అవే, దూరాలు అవే. అప్పుడు ఒక కేజీ చాలదు, నాలుగు కావాలి, పంపుకు ఆ శక్తి లేదు. కాగితం మీద ‘స్ప్రింక్లర్లు ఉన్నాయి’ అన్న వాక్యం ముందూ నిజమే, తర్వాతా నిజమే. అరలమీద పెట్టెలు కప్పుదాకా పేర్చితే మరో తంటా. హెడ్‌కూ సరుకుకూ మధ్య కనీసం అడుగున్నర ఖాళీ లేకపోతే, గొడుగులా విచ్చుకోవాల్సిన నీళ్లు ఒక పెట్టెమీదే పడతాయి.

పైపు సైజు దగ్గర కక్కుర్తి పడితే శిక్ష ఇంకా పెద్దది. పైపు గోడల రాపిడికి పోయే ఒత్తిడి, వ్యాసం తగ్గేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది. నాలుగంగుళాల బదులు రెండంగుళాల పైపు వేసి, అంతే నీళ్లు తోస్తే రాపిడి నష్టం రెట్టింపు కాదు, దాదాపు 29 రెట్లు. తుప్పు పట్టిన పైపైతే ఇంకా ఎక్కువ. పాతికేళ్ల కింద సరిపోయిన లెక్క ఇవాళ సరిపోకపోవడానికి అదొక కారణం. పైపుల లెక్కలో ఎవరి దారి వారిదైతే ఏమవుతుందో అమెరికన్లకు ముందే అనుభవం. 1895 నాటికి బోస్టన్ చుట్టూ వంద మైళ్ల లోపు స్ప్రింక్లర్ పైపుల కొలతలకు, హెడ్ల దూరాలకు తొమ్మిది రకాల నియమాలుండేవి. ప్లంబర్లు తలలు పట్టుకున్నారు. ఆ గందరగోళాన్ని తేల్చడానికి కూర్చున్నవాళ్లే మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌పీఏను స్థాపించారు.

మన దగ్గర ఓ మోస్తరు ఎత్తు అపార్ట్‌మెంట్లలో డౌన్‌కమర్ పద్ధతీ ఉంది. నీళ్లు డాబామీది ట్యాంకునుంచి కిందికి దిగుతాయి. ఇందులో కింది అంతస్తులకు ఢోకా లేదు. ట్యాంకుకు మూడు మీటర్ల కిందున్న పై ఫ్లాటుకు మాత్రం దక్కేది కేజీలో మూడో వంతు కూడా కాదు. అందుకే డాబామీద ఇంకో పంపు. ఆ పంపుకు కరెంటు ఎక్కడినుంచి వస్తోంది, మంటలో తెగిపోయే దారిలోనా అన్నది మెరిడియన్ ప్లాజాను గుర్తుపెట్టుకుని అడగాల్సిన ప్రశ్న.

ఇన్ని లెక్కలూ సరిగ్గా ఉన్నా, ఒక వాల్వు మూసి ఉంటే అన్నీ సున్నా. 1988 మే 4న లాస్ ఏంజెలెస్‌లో 62 అంతస్తుల ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంక్ భవనం అంటుకుంది. అక్కడ స్ప్రింక్లర్ల పని దాదాపు పూర్తయింది. మంట పుట్టిన అంతస్తులో హెడ్లు బిగించి ఉన్నాయి. నీటి ప్రవాహం తెలిపే అలారాలు కలపడం మిగిలి ఉందని వాల్వులు మూసి ఉంచారు. ఐదు అంతస్తులు కాలాయి, ఒకరు చనిపోయారు. స్ప్రింక్లర్లు ఉండీ పనిచేయని సందర్భాల్లో సగానికి పైగా కారణం ఇదే, ఎవరో ఎప్పుడో కట్టేశారు.

మా ఆపరేటరును నేను తప్పుపట్టకపోవడానికి ఇంకో కారణం, అతనికిచ్చిన మీటరు. రోజూ ఏడు చూపించేది అసలు పంపు బలం కాదు. లైనులో చిన్న చిన్న లీకులకు తగ్గే ఒత్తిడిని జాకీ పంపు చుక్కచుక్కగా భర్తీ చేస్తుంటుంది. ఆ ఏడు దాని పుణ్యం. నీళ్లు కదలనంతవరకు సన్నపైపుకూ లావుపైపుకూ, తుప్పుకూ కొత్తకూ తేడా తెలియదు. కింది ఫ్లాటువాళ్లు షవర్ విప్పేదాకా పైవాళ్ల కుళాయి బాగానే వచ్చినట్టు. వాల్వు తెరిచి, నీళ్లు పారుతుండగా, పైన కొలవాలి.

ఒక ఆదివారం పొద్దున అదే చేశాం. పదిహేనో అంతస్తు వాల్వుకు మీటరున్న అడాప్టర్ తగిలించాం, గొట్టం డాబామీదికి లాగాం. తెరవకముందు రెండున్నర. తెరిచాం. సూది ఒక్కసారిగా ఒకటి కంటే కిందికి పడి అక్కడే ఆడుతోంది. ఒత్తిడి పడిపోగానే మెయిన్ పంపు దానంతటదే లేవాలి. లేవలేదు. కిందికి ఫోన్ చేశాం.

“ప్యానెల్ మాన్యువల్‌ల ఉన్నది సార్. ఆటోల పెడితే ఊకె లేస్తుందని ఎవరో ఎప్పుడో తిప్పిన్రు.”

ఆటోలో పెట్టించాం. కింద పంపు లేచిన అదురు పైపులో చేతికి తెలిసింది. సూది రెండు దాటింది, మూడు దాటింది, మూడున్నరకు రెండు గీతలు కింద ఆగింది. అన్న లిఫ్టులో పైకొచ్చి మీటరును కాసేపు చూశాడు.

“పైపైతే ఒకటే గద సార్,” అన్నాడు నెమ్మదిగా.

తర్వాత తన పుస్తకం తెరిచి, ఏడు అన్న అంకెల వరస పక్కన స్కేలుతో నిలువుగా కొత్త గీత గీశాడు. పైన ‘15వ ఫ్లోర్, వాటర్ నడుస్తున్నప్పుడు’ అని రాసి, కింద 3.3 వేశాడు.